మోచేయి, 15 డిగ్రీలు, ఒక స్పిన్నర్ కెరీర్

2010 జూలై 22, గాల్. 800 టెస్టు వికెట్లకు శ్రీలంక ఆఫ్ స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ ఒక్క వికెట్ దూరంలో ఉన్నాడు. భారత్ చేతిలో మిగిలింది కూడా ఆ ఒక్క వికెట్టే. బ్యాటు అంచు తాకిన బంతి స్లిప్‌లో మహేల జయవర్దనే చేతుల్లో పడింది. టెస్టు క్రికెట్లో మురళి వేసిన ఆఖరి బంతి అదే. దానికి ఔటైనవాడు హైదరాబాద్ ఎడమచేతి వాటం స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా.

నాలుగేళ్లు తిరిగాక ఓఝా మోచేయి కూడా పరీక్షకు వెళ్లింది, బంతి వేసేటప్పుడు మోచేయి ఎంత విచ్చుకోవచ్చన్న నిబంధన దాటిందని తేలింది. మురళి మోచేతిపై అప్పటికే దశాబ్దానికి పైగా రచ్చ నడిచి ముగిసింది. ఒకే నియమం కింద ఒకరు 133 టెస్టులాడి 800 వికెట్లతో వెళ్లారు, మరొకరు 24 టెస్టుల్లో 113 వికెట్ల దగ్గర ఆగిపోయారు. స్పిన్నర్ కెరీర్ అనగానే మనం పిచ్, టర్న్, కెప్టెన్ నమ్మకం గురించి మాట్లాడుకుంటాం. వీటన్నిటికంటే తక్కువగా అర్థమైనది, కెరీర్లను మాత్రం ఎక్కువగా మలుపు తిప్పినది ఈ మోచేతి లెక్క.

వేయడం వేరు, విసరడం వేరు

తెలుగులో ఈ తేడా మాటలోనే ఉంది. బౌలర్ బంతి వేస్తాడు, ఫీల్డర్ విసురుతాడు. విసిరేటప్పుడు మోచేయి ముడుచుకుని ఒక్కసారిగా విచ్చుకుంటుంది, బంతికి బలం అక్కణ్నుంచి వస్తుంది. క్రికెట్ చట్టం ఆపేది ఆ విచ్చుకోవడాన్నే. బౌలర్ చెయ్యి భుజం ఎత్తుకు చేరిన క్షణం నుంచి బంతి వేళ్లు వదిలే క్షణం దాకా మోచేయి 15 డిగ్రీలకు మించి విచ్చుకోకూడదు. ఇంతే నియమం.

ఇందులో ముడవడం తప్పని ఎక్కడా లేదు. టీవీ ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది పొరబడేది ఇక్కడే. చెయ్యి మొదట్నుంచి చివరిదాకా 30 డిగ్రీలు ముడుచుకునే ఉంటే అది శుద్ధమైన బంతి. 30 డిగ్రీల ముడుపుతో మొదలై 10 డిగ్రీల దగ్గర బంతి వదిలితే విచ్చుకున్నది 20. అది నోబాల్. చెయ్యి వంకరగా ఉందా అన్నది కాదు, వంకర ఎంత మారిందన్నదే ప్రశ్న. మోచేయి సహజంగా వెనక్కి వంగేవాళ్లుంటారు, షోయబ్ అఖ్తర్ అలాంటివాడు. ఆ వెనక్కి వంగడాన్ని ఈ లెక్కలో కలపరు.

మురళికి పుట్టుకతోనే కుడి మోచేయి పూర్తిగా చాపుకోదు. అతని మణికట్టు, భుజం మాత్రం మామూలు మనిషికి సాధ్యం కానంత తిరుగుతాయి. అలాంటి చెయ్యి కంటికి ఎలా మోసం చేస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. లావుపాటి ఇనుప తీగను మధ్యలో కొంచెం వంచి, దీపం వెలుగులో గోడమీద నీడ పడేలా పట్టుకోండి. వంపు అస్సలు మార్చకుండా తీగను దాని పొడవు చుట్టూ మెల్లగా తిప్పండి. నీడలో తీగ ఒకసారి వంకరగా, ఒకసారి నిటారుగా కనిపిస్తుంది. టీవీ కెమెరా చూసేది ఆ నీడనే. ముడుచుకున్న చెయ్యి భుజం దగ్గర గిర్రున తిరుగుతుంటే, మోచేయి కదలకపోయినా విచ్చుకున్నట్టే ఉంటుంది. మురళి మోచేయి అసలే కదల్లేదని దీని అర్థం కాదు. ఎంత కదిలిందో కంటితో చెప్పలేమని మాత్రమే.

మెల్‌బోర్న్ నుంచి ల్యాబ్ దాకా

1995 డిసెంబర్ 26న మెల్‌బోర్న్ టెస్టులో అంపైర్ డారెల్ హెయిర్ మూడు ఓవర్లలో ఏడుసార్లు మురళిని నోబాల్ అన్నాడు. యాక్షన్ మీద అనుమానం ఉంటే సాధారణంగా స్క్వేర్ లెగ్ అంపైర్ చూస్తాడు, పక్కనుంచి మోచేయి బాగా కనిపిస్తుంది కాబట్టి. హెయిర్ నిలబడింది బౌలర్ ఎండ్‌లో. కొద్ది రోజులకే, 1996 జనవరిలో బ్రిస్బేన్ వన్డేలో రాస్ ఎమర్సన్ కూడా అదే పని చేశాడు. మురళి విసిగి, మణికట్టుతో తిప్పే లెగ్ బ్రేక్ వేస్తే దానికీ నోబాల్ ఇచ్చాడు. లెగ్ బ్రేక్‌ను మోచేతితో విసరడం దాదాపు అసాధ్యమని వేసి చూసినవాళ్లకు తెలుసు. కంటి తీర్పు ఎంత బలహీనమైనదో చెప్పడానికి ఆ ఒక్క బంతి చాలు. 1999లో అడిలైడ్‌లో ఎమర్సన్ మళ్లీ నోబాల్ ఇస్తే కెప్టెన్ అర్జున రణతుంగ జట్టును బౌండరీ దాకా నడిపించుకెళ్లాడు.

1996లోనే పెర్త్‌లోని వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో, హాంకాంగ్‌లో మురళి చెయ్యిని పరీక్షించి అతని ప్రధాన బంతి ఆఫ్ బ్రేక్‌కు అనుమతిచ్చారు. అసలు చిక్కు 2004లో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో ఆస్ట్రేలియాతో సిరీస్ అయ్యాక మ్యాచ్ రిఫరీ క్రిస్ బ్రాడ్ మురళి దూస్రాపై, అంటే ఆఫ్ బ్రేక్‌లాగే కనిపించి అవతలివైపు తిరిగే బంతిపై, ఫిర్యాదు చేశాడు. పెర్త్ ల్యాబ్‌లో కొలిస్తే సుమారు 14 డిగ్రీలు వచ్చింది. యాక్షన్ సరిచేసుకున్నాక 10కి దిగింది. అప్పటి పరిమితి స్పిన్నర్లకు 5, మీడియం పేసర్లకు 7.5, ఫాస్ట్ బౌలర్లకు 10. అంటే సరిచేసుకున్న దూస్రా కూడా పరిమితికి రెట్టింపు. వేయొద్దని ఐసీసీ చెప్పేసింది.

తర్వాత జరిగినదాన్ని చాలామంది ‘మురళి కోసం రూలు మార్చారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగింది అంత సులువైన కథ కాదు. 2004లో ఇంగ్లండ్‌లో జరిగిన చాంపియన్స్ ట్రోఫీలో బౌలర్లను హైస్పీడ్ కెమెరాలతో చిత్రించి చూస్తే, దాదాపు అందరి మోచేతులూ ఎంతో కొంత విచ్చుకుంటున్నాయని బయటపడింది. ఎవరూ వేలెత్తి చూపని గ్లెన్ మెక్‌గ్రాత్, షాన్ పొలాక్ లాంటివాళ్ల చేతులు కూడా అప్పటి గీత దాటుతున్నాయన్నారు. 5, 7.5, 10 అన్న అంకెలను అక్షరాలా అమలు చేస్తే ప్రపంచ క్రికెట్లో సగం మంది పేసర్లను ఇంటికి పంపాలి. మోచేయి విచ్చుకోవడం మామూలు కంటికి పట్టుబడేది 15 డిగ్రీల దగ్గర అన్నది నిపుణుల అంచనా. అందుకని 2005 మార్చి 1 నుంచి అన్ని రకాల బౌలర్లకూ 15 డిగ్రీలే గీత అయింది. మురళికి లాభం కలిగిందా అంటే కలిగింది, దూస్రా తిరిగొచ్చింది. అతని కోసమే మార్చారా అంటే, ఎక్కువమందిని కాపాడింది ఫాస్ట్ బౌలర్లనే అని నా లెక్క.

దూస్రాకు మోచేయి ఎందుకు కావాలి

కుడిచేతి ఆఫ్ బ్రేక్‌లో చూపుడువేలిదే పని. గుండ్రటి తలుపు పిడిని కుడికి తిప్పినట్టు, ఆ వేలి పైకణుపు సీమ్‌ను (బంతి కుట్టును) కిందికి లాగుతూ బంతిని తిప్పుతుంది. బంతి పడి కుడిచేతి బ్యాటర్ వైపు లోపలికి వస్తుంది. దూస్రాలోనూ అవే వేళ్లు, అదే పట్టు. కాకపోతే వదిలే క్షణంలో చెయ్యి వెనకభాగం బ్యాటర్ వైపు తిరగాలి. అప్పుడు అదే తిప్పుడు బంతిని బయటికి పంపుతుంది.

మీరే చెయ్యి నిటారుగా తలపైకి ఎత్తి, చేతి వెనకభాగం ఎదుటివాడికి కనిపించేలా మణికట్టు తిప్పి చూడండి. భుజం దగ్గర పట్టేస్తుంది. ఇప్పుడు మోచేయి కాస్త ముడవండి, వెంటనే సుళువవుతుంది. బౌలర్ శరీరం కూడా ఇదే దొంగదారి వెతుక్కుంటుంది. మోచేయి ముడిచి మణికట్టును చోటులోకి తెస్తాడు, చెయ్యి ముందుకొచ్చేటప్పుడు వేగం కోసం ఆ ముడుపు విచ్చుకుంటుంది. ముడిచినదాన్ని ముడిచినట్టే ఉంచితే ఏ తప్పూ లేదు. అలా ఉంచితే బంతి గాల్లో తేలిపోయి నెమ్మదిగా వస్తుంది, బ్యాటర్ వెనక్కి జరిగి తీరిగ్గా కొడతాడు. దూస్రా పనిచేయాలంటే ఆఫ్ బ్రేక్ వేగంతోనే రావాలి. చిక్కంతా ఆ వేగంలోనే ఉంది.

దీన్ని ప్రపంచానికి చూపినవాడు పాకిస్తాన్ ఆఫ్ స్పిన్నర్ సక్లైన్ ముస్తాక్. వికెట్ల వెనక నుంచి ‘దూస్రా వేయి’ అని మొయిన్ ఖాన్ అరిచే మాటే పేరుగా స్థిరపడింది. 1999లో చెన్నై టెస్టులో 136 పరుగులు చేసి మ్యాచ్‌ను గెలుపు అంచుకు తెచ్చిన సచిన్‌ను అతనే ఔట్ చేశాడు, భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. సక్లైన్ తర్వాత దూస్రా వేసినవాళ్లలో పరీక్ష గడప తొక్కనివాళ్లు తక్కువ. హర్భజన్ సింగ్‌పై 2004 డిసెంబర్‌లో చిట్టగాంగ్‌లో ఫిర్యాదు వచ్చింది. దక్షిణాఫ్రికా ఆటగాడు యోహాన్ బోథాకు 2009లో మిగతా బంతులన్నీ వేయొచ్చు, దూస్రా మాత్రం కుదరదన్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియా స్పిన్ కోచ్‌లు సమావేశమై, కుర్రాళ్లకు దూస్రా నేర్పకూడదని నిర్ణయించుకున్నారు.

పరీక్షలో ఏం చేస్తారు

అంతర్జాతీయ మ్యాచ్‌లో అనుమానం వస్తే ఇప్పుడు అంపైర్లు మైదానంలో గొడవ చేయరు. మ్యాచ్ అయ్యాక నివేదిక ఇస్తారు. బౌలర్ 14 రోజుల్లోగా ఐసీసీ గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్షకు వెళ్లాలి, ఫలితం వచ్చేదాకా బౌలింగ్ చేయొచ్చు. అలాంటి కేంద్రాల్లో ఒకటి చెన్నైలోని శ్రీరామచంద్ర విశ్వవిద్యాలయంలో ఉంది. బ్రిస్బేన్, లఫ్‌బరో మిగతావాటిలో కొన్ని.

అక్కడ బౌలర్ చొక్కా విప్పి నిలబడతాడు. భుజం, మోచేయి, మణికట్టు చుట్టూ వెలుతురును వెనక్కి కొట్టే చిన్నచిన్న గోళీలు అతికిస్తారు. చుట్టూ బిగించిన కెమెరాలు సెకనుకు వందల సార్లు ఆ గోళీల స్థానాన్ని నమోదు చేస్తాయి. కంప్యూటర్ వాటిని కలిపి చెయ్యిని మూడు కొలతల్లో తిరిగి కడుతుంది కాబట్టి నీడ మోసం ఉండదు. చెయ్యి నేలకు సమాంతరంగా వచ్చిన ఫ్రేమ్‌లో మోచేతి కోణం ఎంత, బంతి వదిలిన ఫ్రేమ్ దాకా అది ఎంత విచ్చుకుంది అన్నది చూస్తారు. ఈ రెండు ఫ్రేముల మధ్య సమయం సుమారు సెకనులో పదో వంతు. ఫ్రేమ్ ఎంపికలో కాస్త తేడా వచ్చినా, చర్మంతోపాటు గోళీ కదిలినా అంకె మారుతుంది. పరీక్ష మీద వాదనలు పుట్టేది ఇక్కడే.

ల్యాబ్‌లో మెల్లగా, బుద్ధిగా వేసి తప్పించుకుంటే? అందుకే మ్యాచ్ వీడియో పక్కన పెట్టుకుని పోలుస్తారు. వేగం, స్పిన్, చెయ్యి దారి మ్యాచ్‌లోలాగే ఉండాలి. వేసే ప్రతి రకం బంతినీ విడిగా కొలుస్తారు. ఒక్క రకమే గీత దాటితే దాన్ని ఆపి మిగతావి వేసుకోనిస్తారు, ప్రధాన బంతే దాటితే బౌలింగ్ మొత్తం ఆగుతుంది. రెండేళ్లలోపు రెండోసారి పట్టుబడితే 12 నెలల దాకా మళ్లీ పరీక్షే ఉండదు. 2015లో పాకిస్తాన్ ఆటగాడు మహ్మద్ హఫీజ్‌కు అదే జరిగింది.

పాసైనా ఏం పోతుంది

గీత దాటారని తేలడం ఒక దెబ్బ. సరిచేసుకుని తిరిగొచ్చాక తగిలేది ఇంకా పెద్దది. మోచేతి నుంచి వచ్చే ఊపు తీసేస్తే దాన్ని ఎక్కణ్నుంచో భర్తీ చేయాలి. ఛాతీ బ్యాటర్‌కు ఎదురుగా పెట్టి వేసేవాడు పక్కకు తిరగాలి, నడుము, భుజాలు కలిసి తిరిగేలా చేసుకోవాలి, ముందు కాలు గట్టిగా నాటాలి. ఇరవై ఏళ్లు అలవాటైన చెయ్యికి ఇదంతా నాలుగు నెలల్లో నేర్పాలి. మొదట తగ్గేది బంతి తిరుగుడు. తిరుగుడు తగ్గితే గాల్లో జారడం తగ్గుతుంది, పడ్డాక ఎగరడమూ తగ్గుతుంది. బ్యాటర్‌కు అర సెకను లెక్కల్లో చదువుకునే టైమ్ దొరుకుతుంది.

ఆఫ్ స్పిన్నర్ సయీద్ అజ్మల్ కథలో ఇదంతా ఉంది. 30 ఏళ్ల వయసులో, 2008లో పాకిస్తాన్ జట్టులోకి వచ్చాడు. 2009లో దూస్రాపై ఫిర్యాదు వస్తే పెర్త్ పరీక్షలో బయటపడ్డాడు. 35 టెస్టుల్లో 178 వికెట్లు తీశాడు. 2014లో ఐసీసీ పరీక్షల పద్ధతిని, కేంద్రాలను మార్చింది, పెర్త్‌తో సంబంధం తెగింది. ఆ ఆగస్టులో గాల్ టెస్టు తర్వాత ఫిర్యాదు, బ్రిస్బేన్‌లో పరీక్ష, సెప్టెంబర్ 9న వేటు. అప్పటికి వన్డేల్లో ప్రపంచ నంబర్ వన్ బౌలర్ అతను. దూస్రా ఒక్కటే కాదు, వేసే అన్ని రకాలూ 15 దాటాయన్నారు. అంటే ఆధారమే లేదు, ఇంటిని పునాది నుంచి కట్టుకోవాలి. 2015 ఫిబ్రవరిలో పాసయ్యాడు. ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌తో రెండు వన్డేలు, ఒక టీ20 ఆడాడు. అంతర్జాతీయ క్రికెట్లో మళ్లీ కనిపించలేదు. చేతిలోంచి బంతి వస్తోంది కానీ, అజ్మల్ బంతి రావడంలేదు.

వెస్టిండీస్ స్పిన్నర్ సునీల్ నరైన్‌ది వేరే దారి. 2014 చాంపియన్స్ లీగ్ టీ20లో హైదరాబాద్ ఉప్పల్ మైదానంలో ఆడిన మ్యాచ్‌ల్లోనే అతనిపై ఫిర్యాదులు వచ్చి ఫైనల్‌కు దూరమయ్యాడు. 2015 ప్రపంచకప్ వదులుకున్నాడు. ఆ నవంబర్‌లో ఐసీసీ వేటు పడింది, 2016 ఏప్రిల్‌లో తొలగింది. అతను యాక్షన్‌ను పూర్తిగా మార్చాడు. పరుగు తగ్గించి, బంతిని శరీరం వెనక దాచి, చివరి క్షణందాకా పట్టు కనిపించకుండా వేయడం అలవాటు చేసుకున్నాడు. తిరుగుడులో పోయినదాన్ని దాచడంలో రాబట్టుకున్నాడు. టీ20లో 24 బంతులకు ఆ విద్య సరిపోతుంది. రోజుకు 30 ఓవర్లు వేయాల్సిన టెస్టులు మాత్రం అతని కెరీర్లో ఆరే మిగిలాయి.

ముంబైలో ఒకే మ్యాచ్

ఇక ఓఝా. 2013 నవంబర్‌లో వాంఖడేలో సచిన్ 200వ టెస్టు జరిగింది. వెస్టిండీస్‌పై 40 పరుగులకు 5, 49 పరుగులకు 5 తీసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. దేశమంతా సచిన్‌ను చూస్తోంది, ఆ పది వికెట్లు ఎవరికీ గుర్తులేవు. అదే మ్యాచ్ తర్వాత వెస్టిండీస్ స్పిన్నర్లు షేన్ షిల్లింగ్‌ఫోర్డ్, మార్లన్ శామ్యూల్స్‌పై ఫిర్యాదులు వెళ్లాయి. షిల్లింగ్‌ఫోర్డ్ బౌలింగ్ ఆగిపోయింది. శామ్యూల్స్‌కు వేగంగా వేసే బంతి మాత్రమే వద్దన్నారు. ఈ రెండో తీర్పును గమనించాలి. ఆఫ్ బ్రేక్ బాగానే ఉన్నవాడు కూడా వేగం పెంచిన క్షణాన మోచేతిని పిలుస్తాడు.

ఓఝాకు అదే ఆఖరి టెస్టు. దూస్రా అతని ఆయుధం కాదు, ఎడమచేతి స్పిన్నర్లు దాన్ని వేయడమే అరుదు. అయినా 2014 డిసెంబర్‌లో అతని యాక్షన్ గీత దాటిందని బీసీసీఐ బౌలింగ్ ఆపించింది. 2015 ఆరంభంలో సరిచేసుకుని పరీక్ష గట్టెక్కాడు. టెస్టు జట్టు పిలుపు మాత్రం రాలేదు. మోచేయి ఒక్కటే కారణమంటే తప్పు. వేటుకు ముందే ఏడాదిగా అతను టెస్టు ఆడలేదు. ఆ ఎడమచేతి స్పిన్నర్ చోటులో అప్పటికే రవీంద్ర జడేజా కుదురుకున్నాడు. 2013లో ఆస్ట్రేలియాపై 24 వికెట్లు తీశాడు, బ్యాటింగ్ చేస్తాడు, మైదానంలో పాదరసం. పదకొండో నంబర్ బ్యాటరైన ఓఝా వికెట్లతోనే పోటీపడాలి. సరిగ్గా ఆ సమయంలో వికెట్లు తీసే చెయ్యిని విప్పి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. జాబితాలో వెనకబడ్డవాడికి పోయిన సమయం, ముందున్నవాడికి పోయిన సమయం ఒకటి కావు. 2020 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు.

ఈ గొడవకు అవతల నిలబడ్డవాళ్లూ ఉన్నారు. రవిచంద్రన్ అశ్విన్ 106 టెస్టుల్లో 537 వికెట్లు దూస్రా లేకుండానే తీశాడు. 2014 ఆసియా కప్‌లో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మోచేయి వాడితే ఎంత లాభమో చూద్దామని ప్రయత్నించాడు కూడా. తర్వాత ఆ దారి వదిలేశాడు. బయటికి వెళ్లే బంతి కోసం అతను నమ్ముకున్నది క్యారమ్ బాల్. మధ్యవేలిని మడిచి, బొటనవేలితో కలిపి బంతిని నొక్కి, క్యారమ్ కాయిన్‌లాగా చిటికేస్తారు. బలమంతా వేళ్లదే కావడంతో మోచేయి పనిలోకే రాదు. దీనికీ ధర ఉంది. పట్టు బ్యాటర్‌కు కనిపిస్తుంది. 2008లో భారత్‌పై మూడు టెస్టుల్లో 26 వికెట్లతో అదరగొట్టిన శ్రీలంక స్పిన్నర్ అజంతా మెండిస్, బ్యాటర్లు ఆ వేలిని చదవడం నేర్చుకున్నాక 19 టెస్టులకే పరిమితమయ్యాడు. అశ్విన్ దాన్ని ఎప్పుడో ఒకసారి వేసే బంతిగా ఉంచి, డ్రిఫ్ట్ (బంతి గాల్లో పక్కకు జారడం), క్రీజు కోణాలు, వేగంలో తేడాలతో అసలు పని నడిపించాడు.

కుర్రాళ్ల చెయ్యి ఎలా చూడాలి

అకాడమీలో ల్యాబ్ ఉండదు, ఫోన్ ఉంటుంది. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల సౌకర్యం చాలా ఫోన్లలో ఉంది. చేతులు లేని బనియన్ వేయించి, భుజం పక్కన, మోచేతి మీద, మణికట్టు మీద తెల్ల టేపు ముక్కలు అతికించండి. ఫోన్‌ను స్టాండ్‌పై పెట్టి స్క్వేర్ లెగ్ నుంచి, బౌలర్ వెనక నుంచి, ఎదురుగా విడివిడిగా తీయండి. దీంతో డిగ్రీలు చెప్పడానికి పూనుకోవద్దు, నీడ లెక్క మర్చిపోవద్దు. మూడు కోణాల్లోనూ మోచేయి విచ్చుకుంటున్నట్టే కనిపిస్తే మాత్రం పట్టించుకోవాలి.

పోల్చాల్సింది వేరేవాడి చెయ్యితో కాదు, ఆ కుర్రాడి చెయ్యితోనే. మొదటి ఓవర్ ఒకసారి, పదిహేనో ఓవర్ ఒకసారి తీయండి. మామూలు బంతి, వేగంగా వేసే బంతి పక్కపక్కన పెట్టి చూడండి. భుజం అలిసినప్పుడు, బ్యాటర్ ముందుకొచ్చి కొడుతున్నాడని బల్లపరుపుగా వేగంగా వేయాలనుకున్నప్పుడు మోచేయి అందుకుంటుంది. పరుగు తీసుకోకుండా నిలబడ్డ చోటు నుంచి పక్కకు తిరిగి వేయించండి. అప్పుడు చెయ్యి శుభ్రంగా ఉండి, పరుగుతో వేస్తే చెడితే, తప్పు చెయ్యిది కాదు. అడుగులు కుదరక శరీరం ముందే తెరుచుకుంటోంది. నిలబడి వేసినా చెడుతుంటే అలవాటు లోతుగా దిగిందని లెక్క. దాన్ని పదహారేళ్లకు మార్చడానికి ఒక సీజన్ సరిపోవచ్చు. అజ్మల్ దానికి పూనుకునేసరికి అతనికి 36 నిండాయి.